నాలుగు గంటల కూత

అరవయ్యో మెట్టు దగ్గర ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకో ఇరవై రెండు ఎక్కితే ఊరి బురుజు మీది సైరన్ గది. ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఒంటిగంటకు ఆయన సైరన్ వేస్తే ఊరంతా కొట్లు కట్టేసి కునుకు తీస్తుంది. నాలుగింటికి వేస్తే లేస్తుంది. ఆ మూడు గంటలూ ఆయనొక్కడే గడియారం చూస్తూ కూర్చుంటాడు. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ కూత బాబాయే.

కిటికీలోంచి ఒకప్పుడు పెంకుటిళ్లు కనిపించేవి. ఇప్పుడు అద్దాల మేడలు, వంతెన మీద వంతెన. ఊరు పదింతలైంది, కునుకు మాత్రం మానలేదు. పైగా అదో గొప్ప.

గడియారం పక్కన గోడకు ఒక మందుల చీటీ అంటించి ఉంది. ఏడేళ్ల కిందటిది. భార్యకు ఆయాసం ఎక్కువైతే డాక్టరు రాసిచ్చాడు. చివర ‘వెంటనే’ అని రాసి కింద గీత గీశాడు. అప్పటికి ఒంటిగంటకు పది నిమిషాలుంది. కూత వేసి వెళ్దాంలే అనుకున్నాడు. వేసి దిగేసరికి మందుల కొట్టు మూసేశారు. నాలుగింటిదాకా ఆగమన్నారు. ఆమె ఆగలేదు.

మధ్యాహ్నం ఒక్క మందుల కొట్టయినా తెరిచి ఉంచమని అప్పట్నుంచీ ఏటా అర్జీ పెడుతున్నాడు. ఏడో అర్జీకి జవాబు చెప్తామంటే ఈ పొద్దున మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాడు.

“ఊరు ఎంత పెరిగినా మన నిదానం మనకుండాలయ్యా. ఒకడు తెరిస్తే పక్కవాడు ఊరుకుంటాడా?” అన్నాడు ఆఫీసరు, ఆవలిస్తూ.

“పోయే ప్రాణానికి నిదానం ఉండదు సార్.”

“ఊరందర్నీ పడుకోబెట్టేది నువ్వే కదా బాబాయ్!” అన్నాడు గుమాస్తా. గదంతా నవ్వింది.

ఒంటిగంటకు మీట నొక్కాడు. కింద షట్టర్లు జారాయి. అప్పుడు పట్టుకుంది ఛాతీలో నొప్పి. ఎడమచెయ్యి గుంజుతోంది. గోడ పట్టుకుని దిగి, మందుల కొట్టు చేరాడు. షట్టరు మోకాలి ఎత్తున ఉంది.

“ఒరేయ్ అబ్బాయ్, గుండెలో నొప్పిరా. ఒక్క మాత్ర ఇవ్వు.”

“మళ్లీ మొదలెట్టావా? పోయిన నెల కూడా తెరుస్తానో లేదో అని ఇలాగే పరీక్ష పెట్టావు. నాలుగింటికి రా బాబాయ్, కూత వేసింది నువ్వేగా!”

షట్టరు నేలను తాకింది.

ఆయన వెనక్కి తిరిగాడు. మీట నొక్కితే ఊరు లేస్తుంది. ముప్పై ఏళ్లలో ఒక్క నిమిషం ముందు నొక్కి ఎరగడు. ఇవాళ నొక్కుతాడు.

అరవయ్యో మెట్టు దగ్గర ఆగి, గోడకు చెయ్యి ఆనించాడు. ఆ పైమెట్టు ఎక్కలేదు.

నాలుగైంది. కూత లేదు. అయిదున్నరకు ఊరు తనంతట తనే లేచి, ఒళ్లు విరుచుకుని, “అబ్బ, ఇవాళ ఎంత నిద్ర పట్టిందో!” అనుకుంది. కూత ఏమైందని ఒక్కడూ అడగలేదు.

మర్నాడు కొత్త మనిషి వచ్చాడు. గోడ మీది చీటీని గోటితో గీకాడు. మందు పేరు ఊడి వచ్చింది. కింద ‘వెంటనే’ అన్న ముక్క మాత్రం, గీతతో సహా, గోడకే అంటుకుపోయింది.