ఓట్లు అనే మాటకు మూడో అర్థం

నిఘంటువు కార్యాలయంలో ‘ఓ’ అక్షరం ఆమె వంతు. గొంతుకు ఆపరేషన్ జరిగి, రెండు నెలలు సెలవులో ఉండి, సగం గొంతుతో తిరిగి పనిలో చేరింది. చేరిన వారంలోనే ‘ఓట్లు’ దగ్గర ప్రధాన సంపాదకుడితో పేచీ వచ్చింది. అందరూ ఆయనను పెద్దాయన అంటారు.

“ఓట్లంటే ఎన్నికల్లో వేసేవి. ఓటికుండకు పడ్డ పగులు కూడా ఓటే, సరే. ఈ మూడోదేమిటి? ‘జావ కాచుకునే ఒక ధాన్యం’ అని రాశావు. వాటిని ఓట్స్ అంటారమ్మా, ఓట్లు కాదు.”

“జనం ఓట్లనే అంటున్నారండీ.”

“ఏ జనం? ఆధారం చూపించు.”

ఆధారం పక్కనే వంటగదిలో ఉంది. కార్యాలయంలో టీ కాచే అక్క. ఈమెకు ముద్ద దిగని ఆ రెండు నెలలూ, అక్క రోజూ పని ముగించుకుని రెండు బస్సులు మారి ఇంటికి వచ్చేది. స్టీలు డబ్బాలో పల్చటి జావ. “ఓట్లు కాచి తెచ్చాను తల్లీ, రెండు గుక్కలు తాగు” అనేది. డబ్బా ఖాళీ అయ్యేదాకా కుర్చీలోంచి లేచేది కాదు.

ఆ వాక్యాన్నే చీటీ మీద రాసి పెద్దాయన బల్ల మీద పెట్టింది.

“ఒక్కరి నోటిమాట చాలదు,” అన్నాడాయన. మర్నాడు మాత్రం తనే గొడుగు పట్టుకుని బజారుకు వెళ్లి, ఓ పొట్లంతో తిరిగొచ్చాడు.

“ఓట్లున్నాయా అని మూడు కొట్లలో అడిగాను. ఇద్దరు కిలోనా, అరకిలోనా అన్నారు. మూడోవాడు మీది ఏ పార్టీ అండీ అన్నాడు.”

ఆమె గొంతు పట్టుకుని మరీ నవ్వింది.

మూడో అర్థం ఖాయమైంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట, చివర ‘లు’ మనం తగిలించుకున్నది. ఇంగ్లీషులోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఎంత వెతికినా తేలలేదు. ‘తెలియదు’ అని రాయడం ఆమెకు చిన్నతనమనిపించలేదు.

అచ్చుప్రతి రాగానే వంటగదికి తీసుకెళ్లింది. అక్క కూడబలుక్కుంటూ, ఉదాహరణగా వేసిన తన వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది.

“నీ చేతి జావే నన్ను నిలబెట్టిందక్కా. ఎలా చెప్పాలో తెలియక ఇలా రాశాను.”

అక్క తడిచేతులు తుడుచుకుని, ఆ కాగితాన్ని స్టవ్‌కు దూరంగా జరిపింది.

“బాగుంది తల్లీ. మరి గోధుమల దగ్గర ఎవరి మాట వేశారు?”

“అక్కడిదాకా ఇంకా రాలేదు.”

“అయితే కూర్చో, చెప్తాను.”