మక్కబెండ్ల పరుపు

పంజరంలో రెండు మగ ఎలుకలు ఒకదాని గొంతును మరొకటి కరచిపట్టుకొని బంతిలా దొర్లుతున్నాయి. గోపయ్య తలుపు తీసి, వట్టి చేతిని వాటి మధ్యకు దూర్చాడు. నల్లతల ఎలుక పళ్ళు అతని చూపుడువేలిలో ఎముక తగిలేదాకా దిగాయి. అతడు చేతిని విదల్చలేదు. విదిలిస్తే దాని పళ్ళు విరుగుతాయి. అది తనంతట తాను విడిచేదాకా నిలబడి, దానిని వేరే పంజరంలోకి మార్చి, రక్తం పరుపు మీద పడకుండా వేలిని నోట్లో పెట్టుకొన్నాడు.

చిట్యాల దాటిన తరువాత రహదారి పక్కనున్న పొడవాటి రేకుల షెడ్డు అది. అందులో నలభై పంజరాలు. హైదరాబాదులో ముద్దుగా పెంచుకొనేవారి కోసం తెల్ల ఎలుకలను, మచ్చల ఎలుకలను యజమాని రఘుపతి అక్కడ సాకి అమ్ముతాడు. వాటి కింద పరచే పరుపు గోపయ్య పని.

దేవదారు పొట్టు వద్దన్నది అతడే. ఆ వాసన షెడ్డును కమ్మగా ఉంచుతుందని రఘుపతి మొదట్లో దానినే తెప్పించాడు. వారం తిరిగేసరికి ఎలుకల ముక్కుల చుట్టూ ఎర్రని నీరు. గోపయ్య ఒక్కొక్కదానినీ చెవికి ఆనించుకొని ఊపిరి విన్నాడు. లోపల చిటుకు చిటుకుమంటున్నది. అప్పటినుంచి మొక్కజొన్న కంకులనుంచి గింజలు ఒలిచిన మక్కబెండ్లే వాడుతున్నారు. వాటిని ఎండబెట్టి, నూకగా ఆడించి, జల్లెడ పట్టి, మిగిలిన దుమ్ము అణిగేటట్టు నీళ్ళు చిలకరించి ఒక రాత్రి ఉంచి, మరునాడు నీడన పూర్తిగా ఆరబోసిన తరువాతనే పరుస్తాడు. మూడు రోజులకొకసారి మారుస్తాడు. మూత్రపు ఘాటు మనిషి ముక్కుకు అందేసరికి, నేలకు దగ్గరగా బతికే ఎలుకకు అప్పటికే ఆలస్యమైనట్టని అతని అభిప్రాయం.

"ఏం గోపయ్యా, పరుపులు ఎలుకలకేస్తున్నవా, కొత్తల్లునికేస్తున్నవా?" గుమ్మంలో చాయ్ గ్లాసుతో నిలబడి రఘుపతి నవ్వాడు.

"అల్లుడైతే అలుగుతడు సేటూ. ఇవి అలగవు, సస్తయి."

"ఇరవై ఏండ్లు మిల్లుల వీటిని కొట్టి సంపినోనివి. ఇప్పుడు నాకే సుద్దులు జెప్తున్నవ్."

గోపయ్య వేలిని చొక్కాకు తుడుచుకొని మరో పంజరం తలుపు తీశాడు.

మిర్యాలగూడ బియ్యపు మిల్లులో అతని పని చంపడమే. నెలకొకసారి గోదాము తలుపులు మూసి నలుగురు కర్రలతో నిలబడేవారు. అడుగు బస్తా లాగగానే నేల కదిలినట్టు ఎలుకలు దూకేవి. గోడకేసి కొట్టడం, మడమతో నలపడం, పారతో ఎత్తడం. పిల్లలున్న గూడు దొరికితే ఉడుకునీళ్ళు. సాయంత్రానికి పంచె మోకాళ్ళదాకా ఎర్రగా ఉండేది. ముక్కుపురుగు పట్టకుండా బస్తాల నడుమ, తడి తగిలితే విషపు గాలి వదిలే మందుబిళ్ళలు పెట్టేదీ అతడే.

ఆ చేయి ఇంటికి వచ్చాక కూడా ఆగేది కాదు. ఒకనాడు అన్నం మాడిందని భార్య స్వర్ణను అదే కర్రతో కొట్టాడు. ఆమె మణికట్టు విరిగింది. నారాయణపేటలోని అన్న ఇంటికి వెళ్ళి, వంకర పోయిన చేతితోనే మగ్గాలకు కండెలు చుట్టుకుంటూ ఉండిపోయింది. అతడు వెళ్ళి పిలిచే ముఖం లేక పిలవలేదు. తెలంగాణ వచ్చిన ఏడు మిల్లు మూతబడింది. ఎలుకల సంగతి తెలిసిన మనిషి కావాలని రఘుపతి కబురు పంపితే, చంపడానికేననుకొని కర్రతో సహా వచ్చాడు.

ఈసారి బెండ్ల నూక ఎప్పటి చోటునుంచి రాలేదు. ఆలేరు వైపు ధాన్యపు గోదామొకటి ఖాళీ చేస్తుంటే రఘుపతి అక్కడినుంచి ఆరు గోనెసంచులు దింపించాడు. మూతులు కుట్టి ఉన్నాయి. జల్లెడ మరునాడు పట్టవచ్చునని, గోపయ్య అవి దిగిన సాయంత్రం కుట్టు విప్పకుండానే పైనుంచి నీళ్ళు పోసి షెడ్డు మూలన పేర్చాడు. గింజ లేని బెండ్లకు ఎవరైనా మందు పెడతారని అతనికి తోచలేదు.

మరునాడు మధ్యాహ్నం వడగాలికి షట్టర్లు దించి, బయట అన్నం తిని వచ్చి తలుపు తీశాడు. వెల్లుల్లీ కుళ్ళిన చేపా కలిసిన వాసన. ఇరవై ఏండ్లు ఎరిగిన వాసన. మూల దగ్గరి పంజరాలలో ఎలుకలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకొంటున్నాయి. ఒకటి ఇనుప కమ్మిని కొరుకుతూ నోరంతా నెత్తురు చేసుకొన్నది.

"సేటూ! సంచులల్ల మందుబిళ్ళలున్నయి. నేనే నీళ్ళు వోసి లేపిన."

రఘుపతి పరుగున వచ్చి అతని కాలరు పట్టుకొన్నాడు. "లోపటికి పోకు. జర గాలాడనియ్యి. సచ్చేటియి సస్తయి, మళ్ళ తెచ్చుకుందాం."

"గాలాడేదాక ఒక్కటి మిగల్దు. ఇడువు."

"పిచ్చి లేసిందా నీకు?" అంటూ రఘుపతి అతని చెంప పగలగొట్టాడు. గోపయ్య చేయి లేచింది. స్వర్ణను కొట్టిన తరువాత ఏ మనిషి మీదా లేవని చేయి అది. రొమ్ము మీద తోసిన తోపుకు రఘుపతి కంకరలో వెనక్కి పడ్డాడు, మోచేయి చీరుకుపోయింది.

గుడ్డ అడ్డం పెట్టినా ఆ గాలి ఆగదని గోపయ్యకు తెలుసు. అందుకే ఏమీ కట్టుకోలేదు. షట్టర్లు ఎత్తాడు. సంచులను ఈడ్చి బయట పడవేశాడు. తరువాత పంజరాలు, చేతికి రెండేసి. ఆరో తిరుగుడులో గుమ్మం దగ్గర వాంతి చేసుకొని, నోరు తుడుచుకొని మళ్ళీ వెళ్ళాడు. అప్పటికి రఘుపతి లేచి, బూతులు తిడుతూనే పంజరాలు అందుకొంటున్నాడు.

తొమ్మిది పంజరాలలో చప్పుడు లేదు. ముప్పై ఒకటి మిగిలాయి. పాత పరుపుకు కూడా ఆ గాలి పట్టి ఉంటుందని గోపయ్య అన్నిటినీ దులిపేశాడు. ఒకదానిలో తల్లి, కళ్ళు తెరవని తొమ్మిది పిల్లలు వట్టి రేకు మీద ఉన్నాయి. అతడు గోడ పక్కకు వెళ్ళి కూర్చొని చొక్కా విప్పి పేలికలు చేశాడు. పిల్లల కాళ్ళకు బిగుసుకొంటాయని పొడుగు దారాలన్నీ లాగివేసి, ఆ పేలికలను తల్లి ముందు పరిచాడు.

"నీళ్ళు తాగుతవా?" రఘుపతి చెంబు తెచ్చి అందించాడు.

"నాకొద్దు. కడుపుల మండుతాంది. తల్లికి వెట్టు."

నల్గొండ దవాఖానలో ఈ మందుకు విరుగుడు లేదన్నారు. "తల్లి పిల్లలను పట్టుకున్నదా?" అని గోపయ్య అడిగాడు. పట్టుకున్నదని రఘుపతి చెప్పాడు, నిజానికి చూడలేదు. పొద్దు గూకకముందే గోపయ్య ఊపిరి ఆగింది.

మరునాడు రఘుపతి పంజరాల దగ్గరకు వచ్చాడు. తల్లి పేలికలను గిన్నెలా మలచుకొని, తొమ్మిదింటినీ పొట్ట కిందికి లాక్కొని పడుకొన్నది. వెనుక, గోపయ్య కూర్చున్న చోట, సిమెంటు గోడ అంచు మీద, ఎలుకలు మింగుతాయేమోనని అతడు చొక్కానుంచి తన పళ్ళతో కొరికి తీసిన ఐదు తెల్ల గుండీలు వరుసగా ఉన్నాయి.