మూడో పిలుపు

ఆటుకు నీళ్ళు వెనక్కి తీశాయి. మడచెట్ల వేళ్ళు బయటపడ్డాయి. బురద వాసన... ఉప్పు వాసన... వాటి మీదుగా పార్కులో ఎవరో కాలుస్తున్న చికెన్ వాసన.

ఇది సింగపూర్‌లోని పాసిర్ రిస్ తీరం. నా సినిమాలో మాత్రం ఇది శ్రీకాకుళం దగ్గర ఒక ఉప్పుటేరు.

అలా నమ్మాలి. నమ్మకపోతే సినిమా లేదు.

కెమెరా కాస్త ఎడమకు తిరిగితే ఫ్లాట్లు కనిపిస్తాయి. కాస్త పైకి లేస్తే విమానాలు. అందుకే నీళ్ళకు దగ్గరగా, తల వంచుకుని తీస్తున్నాం — ఆదివారాలు మాత్రమే. నిర్మాత లేడు. పడవ లేదు. తెడ్డు ఒకటుంది. సినిమాకు పేరు మాత్రం ముందే పెట్టేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటూ మా అమ్మ బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో కూర్చుని నవ్వుతూనే ఉంటుంది.

నవ్వనీ.

కథ ఇద్దరు అన్నదమ్ములది. ఏటి మీద బతికే ఇంట్లో పుట్టినవాళ్ళు. తమ్ముడు ఒక పొద్దున వేటకు వెళ్తాడు, తిరిగి రాడు. అన్న నీళ్ళలో నిలబడి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపుతో సినిమా అయిపోతుంది.

ఆ ఒక్క షాటే మిగిలింది.

నటిస్తున్నదీ నిజం అన్నదమ్ములే. అన్న పైడిరాజు, తమ్ముడు సింహాచలం. తువాస్ షిప్‌యార్డులో వెల్డింగ్ పని. దీవి ఆ చివరి నుంచి ఈ చివరికి ట్రైన్‌లో వస్తారు, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతూ. సింహాచలం వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది. ఈ వారమే ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఇవాళ తీయకపోతే ఇక లేదు.

పాత్రలకూ వాళ్ళ పేర్లే ఉంచాను. నిజం పేరైతే గొంతు నిజంగా పలుకుతుందనుకున్నాను. ఎంత తెలివిదాన్నో!

పోటు మొదలైంది. నీరు మెల్లగా, చప్పుడు లేకుండా, వేళ్ళ మధ్యకు వస్తోంది. పైడిరాజు దిగాడు. మోకాళ్ళ దాకా... తొడల దాకా...

నిలబడ్డాడు. పిలవలేదు.

"నాను పిలవనండి మేడమ్."

"ఏమైంది పైడిరాజు గారూ?"

"మా కాడ ఏట్లోకి పేరెట్టి మూడుసార్లు పిలిస్తే... ఆ మనిసి కోసం మరి ఎతకరండి. ఒగ్గేసినట్టేనండి. మా నాన్నని అలాగే పిలిసినాం."

నేను మలేసియాలో పుట్టినదాన్ని. నాకు తెలిసిన ఊళ్ళన్నీ అమ్మమ్మ చెప్పినవే. ఈ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

జాలి కంటే ముందు వెలుతురు గుర్తొచ్చింది. సినిమా మనిషిని కదా.

"వేరే పేరు పెట్టేద్దాం. ఏదో ఒకటి."

"ఏ పేరెట్టినా కళ్ళ ముందు ఆడే కదండీ."

కెమెరా పట్టుకున్న సుస్మిత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆకాశం వైపు చూసి ఇక్కడి సింగ్లిష్ యాసలో అడిగింది. "లైట్ పోతోంది లా, అక్కా. హౌ?"

మడచెట్ల మాటున సింహాచలం కూర్చుని ఉన్నాడు. కథలో చనిపోయినవాడు కదా, ఫ్రేములో కనిపించకూడదు. మోకాళ్ళు ముడుచుకుని అన్న వీపునే చూస్తున్నాడు. అతనికి ఈ సినిమా కావాలి. మా యమ్మకి సూపెడతానండి అని మొదటి రోజే చెప్పాడు. అందుకే ఒద్దని అనలేకపోతున్నాడు, అనుకున్నాను.

పైడిరాజు వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు.

"తియ్యండి" అన్నాడు.

ఒక విమానం దాటేవరకు ఆగాం. నీళ్ళు పచ్చగా మెరిశాయి. చిన్న చిన్న అలలు... వాటి వెనక ఇంకా చిన్నవి...

అతను రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు.

"పైడిరాజూ..."

తన పేరే.

తమ్ముడి పేరు ఏటికి ఇవ్వలేక తన పేరు ఇస్తున్నాడు. ఆపాలి. ఆపలేదు. నిజం చెప్పాలంటే, సగం మనసు ఆపొద్దనే అంది — అంత బాగుంది ఆ గొంతు.

"ఓ... పైడిరాజూ..."

నీళ్ళు ఎగసిన చప్పుడు. సింహాచలం! చెట్ల మాటు నుంచి, బురదలో జారుతూ, లేస్తూ, ఫ్రేములోకి... చనిపోయినవాడు పరిగెత్తుకొస్తున్నాడు.

"అన్నియ్యా! ఒద్దు! ఒద్దంటే..."

అన్న నోటి మీద అరచెయ్యి వేసి అదిమేశాడు. అన్న విడిపించుకోలేదు. ఇద్దరూ ఏడుస్తున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

"కట్ చెప్తావా, అక్కా?" సుస్మిత గుసగుసగా అడిగింది.

నా కథలో ఈ షాట్ లేదు. తమ్ముడు బతికొస్తే నా సినిమాకు ముగింపే లేదు.

పోటు ఎక్కుతోంది. వాళ్ళ నడుముల దాకా వచ్చింది. ఇద్దరూ కదలడం లేదు. తమ్ముడు ఆ చెయ్యి తీయడం లేదు — తీస్తే మూడోసారి ఏ పేరు వస్తుందోనని...

నేను కట్ చెప్పలేదు.