పడవకు పెట్టిన జుట్టు

"వచ్చే ఆదివారం పట్నం నుంచి బస్సెడు మంది మన కుమకిచి గారి గొడవ చూడ్డానికి వస్తున్నారు. ఊరివాళ్ళంతా సహకరించాలి."

గుట్ట మీది మైకులోంచి ఈ ముక్క వినబడేసరికి శిగె చేతిలోని నాచు మోపు జారి మెట్ల మీద దొర్లుకుంటూ సముద్రంలో పడింది. పొద్దుటినుంచీ నీళ్ళలోంచి తీసిన సరుకు కాస్తా మళ్ళీ నీళ్ళపాలైంది.

కుమకిచి గారంటే ఆవిడ మొగుడే. ఆయన గొడవంటే ఇక వేరే ఎవరితో? ఆయనతో గొడవపడే హక్కు ఇసొబె ఊళ్ళో ఆవిడ ఒక్కతెదే. ఆ హక్కును ఆవిడ ఏనాడూ వృథా పోనివ్వలేదు.

ఇసొబె ఊరి ఇళ్ళ కట్టుబడే అలాంటిది. ఇళ్ళన్నీ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉంటాయి. కింది అంతస్తులో పడవ ఉంటుంది, పై అంతస్తులో మనుషులుంటారు. కింద పడవ, పైన గొడవ. ఆ వంపు తిరిగిన చిన్న కడలిపాయలో ఈ ఒడ్డున ఆవులిస్తే ఆ ఒడ్డున చిటిక వేస్తారు. అలాంటి చోట మొగుడూ పెళ్ళాల మాట రహస్యంగా ఉండదని శిగెకు తెలుసు. కానీ పట్నానికి తెలిసిపోవడమేమిటి? పైగా బస్సు వేసుకుని రావడమేమిటి?

పక్కింటి ఒతొసె వలకు అతుకు వేస్తూ తన మెట్ల మీంచే పలకరించింది.

"విన్నావా వదినా?"

"విన్నాను," అంది శిగె, ఎర్రబడ్డ మొహంతో.

"ఫొటోలు కూడా తీస్తారట!"

"మా దాన్నా?"

"మీ దానంత పాతది ఈ తీరంలో ఇంకోటి లేదటగా. నలభై ఏళ్ళొచ్చినా ఒక్క చీలిక లేదు. ఎంత గట్టిదో! మా ఇంట్లోదీ ఉంది ఎందుకూ? రెండేళ్ళకే మూలపడింది."

ఒతొసె ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోరన్న మాట నిజమే. అది కూడా బయటికి చెప్పుకుంటుందా ఈ మనిషి?

"నలుగురూ చూసేటప్పుడు కాస్త తుడిచి, రంగేసి పెట్టండి వదినా," అంది ఒతొసె.

"రంగేమిటి, ఎవరికి?" అని గొణుక్కుంటూ శిగె లోపలికి వెళ్ళిపోయింది.

అసలు గొడవ రెండు రోజుల కిందట మొదలైంది. అన్నం తింటూ తింటూ కుమకిచి, ఉప్పు తక్కువైందని చెప్పినట్టుగా, "పడవని పట్నం మ్యూజియం వాళ్ళు అడిగారు. ఇస్తానన్నాను," అన్నాడు. ఆ పడవ మర పడవ కాదు. దేవదారు పలకలతో చేసి, వెనక ఒకే తెడ్డు పెట్టి తోసుకునే పాత పడవ. ఊళ్ళో అలాంటిది ఇంకోటి మిగల్లేదు. శిగె చేతిలో కూడా అప్పుడు తెడ్డే ఉంది. అయితే అది చారు కలిపే తెడ్డు. ఆ తెడ్డు ఎత్తి ఈ తెడ్డు సంగతి అడిగింది.

"నన్ను అడక్కుండా ఎలా ఇస్తావు?"

"ప్రతి చలికాలం నువ్వేగా, ఆ పడవని పొయ్యిలో పెట్టు, పొయ్యిలో పెట్టు అంటావు?"

"పొయ్యిలో పెట్టమన్నాను. మ్యూజియంలో పెట్టమన్నానా?"

అలా మొదలై, చారులో నాచు ముక్కల నుంచి ఆయనగారి మేనత్త కూతురి పెళ్ళిలో జరిగిన మర్యాద లోపం దాకా వెళ్ళింది. శిగె నోటికి వచ్చినవన్నీ అంది. మనసులో ఉన్నది మాత్రం అనలేదు.

మనసులో ఉన్నది జుట్టు. పేరు శిగె కాబట్టి, సిగలోని జుట్టు చుట్టూనే ఆవిడ కాపురమంతా నడిచిందంటే ఆశ్చర్యమేముంది? పెళ్ళయిన ఏడే ఆ పడవ కట్టారు. పడవల వడ్రంగి తొకుమత్సు, చివరి రోజున కత్తెర పట్టుకుని వచ్చి, కొత్త పెళ్ళికూతురి జడలోంచి ఒక పాయ కత్తిరించి తీసుకెళ్ళాడు. దాన్ని గుప్పెడు ధాన్యంతో, జత పాచికలతో కలిపి తెరచాప కొయ్య నిలబడే చోట గుంట తొలిచి అందులో పెట్టి, పైన కొయ్య బిరడా బిగించాడు. అదే పడవకు ప్రాణం. ఆ రోజు నుంచీ కుమకిచి నీళ్ళ మీదికి వెళ్ళిన ప్రతిసారీ శిగె ఇంట్లోనే ఉన్నా, ఆమె జుట్టు మాత్రం అతనితో జట్టుగా వెళ్ళింది. ఎంత ఉప్పెన వచ్చినా అతను తిరిగి రావడానికి కారణం ఆ పాయేనని ఆవిడ నమ్మకం. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

పడవని మ్యూజియానికి ఇవ్వాలంటే, దాన్ని చేసిన వడ్రంగే వచ్చి ఆ బిరడా తీయాలి, జుట్టు తీయాలి. ఆ తర్వాత అది పడవ కాదు, వట్టి కొయ్య. నలభై ఏళ్ళ జట్టును ఉలితో విడదీసినట్టే. అది తలుచుకున్నప్పుడల్లా శిగె కింది మెట్టు మీద కూర్చుని అలల్ని చూసేది. అలకి తీరమైనా ఉంది, అలకకి అదీ లేదు.

ఇప్పుడేమో ఆ అలకనే చూడ్డానికి బస్సు వస్తోందట! శిగె గట్టిగా నిర్ణయించుకుంది. బస్సు వచ్చి వెళ్ళేదాకా ఈ ఇంట్లో గొడవ ఉండదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో, ఉత్త చెవులతో వెళ్ళాలి.

మర్నాడు పొద్దున్న కుమకిచి ముందు కాల్చిన చేప, వేడన్నం, పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన మిసో చారు వచ్చి కూర్చున్నాయి. వాటి పక్కన నవ్వుతూ శిగె కూర్చుంది.

"ఇంకాస్త చారు పోయనా?"

కుమకిచి అన్నం తినే పుల్లలు కింద పెట్టేశాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"నాకేమైనా జబ్బని డాక్టరుగారు నీకు చెప్పారా? దాచకు."

"ఛ, అవేం మాటలు. నువ్వు ఏం చేసినా ఆలోచించే చేస్తావుగా," అంది శిగె, పళ్ళ బిగువున.

కుమకిచి రెండు గిన్నెల చారు తాగాడు. పెళ్ళాం ఒప్పుకుందని ఆయనకు అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం వేయాలి కదా, ఎందుకో వేయలేదు. పొద్దెక్కాక తొకుమత్సు ఇంటికి వెళ్ళి, ఆదివారం ఉలి పట్టుకుని రమ్మని చెప్పి వచ్చాడు. ఆ మాట శిగెకు చెప్పలేదు. చెప్తే ఆ నవ్వు పోతుందేమోనని భయం.

ఆదివారం ఎండ బాగా కాసింది. బస్సు దిగినవాళ్ళను ఊరిపెద్ద మికామి వెంటబెట్టుకుని తిప్పాడు. మికామికి ఊరంటే ఎంత ప్రేమో ఊపిరంటే అంత అశ్రద్ధ. ఒక్క గుక్కలో తిమింగలం సమాధి రాయి, ఉప్పునీటి పక్కనే తియ్యటి నీళ్ళు ఊరే బావి, వెదురు గెడల మీద ఆరేసిన చేపలు, అన్నీ చూపించేశాడు. "ఈ తిమింగలం కడుపుతో ఉండగా మా వాళ్ళ వలకు చిక్కింది. పాపం అనిపించి గుడి కట్టినంత పని చేశారు. వల వేసిన చేతులతోనే దణ్ణం కూడా పెట్టారు, అదీ మా వాళ్ళ వరస!" అన్నాడు. జనం నవ్వారు, రాయి ముందు తలలు వంచారు, ఎండు చేపలు కొనుక్కున్నారు. ఆ తర్వాత అందరూ కలిసి కుమకిచి ఇంటి కింది అంతస్తులోకి దిగారు.

శిగె అప్పటికే అక్కడ దవడలు నొప్పెట్టేలా నవ్వుతూ నిలబడి ఉంది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, "ఎప్పుడు మొదలవుతుందమ్మా?" అని అడిగింది.

"ఇవాళ లేదండీ," అంది శిగె.

"అయ్యో, అదే చూద్దామని ఇంతదూరం వచ్చాం!"

"మాలో మాకు అలాంటివేమీ లేవండీ. అంతా పుకారు."

ఆవిడ అయోమయంగా వెనక్కి తగ్గింది. ఇంతలో తొకుమత్సు వచ్చాడు. ఎనభై దాటినవాడు, చేతిలో ఉలి, చంకలో బియ్యపు సారా సాకె సీసా. వెనక మ్యూజియం నుంచి వచ్చిన కళ్ళజోడాయన ఉన్నాడు. బయట ఖాళీ లారీ ఆగి ఉంది.

శిగెకు ఉలి కనబడింది. లారీ కనబడింది. మొగుడి మొహం మాత్రం కనబడలేదు, ఆయన పడవకి అవతలి పక్కకు వెళ్ళిపోయాడు. అంటే ఇవాళేనా? నాతో ఒక్క మాటైనా అనకుండానా? కేక నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బస్సెడు మంది ఆ కేక కోసమే వచ్చారు కదా! శిగె దాన్ని మింగేసింది. చేపముల్లు మింగినట్టుంది.

తొకుమత్సు పడవ ముందుభాగం మీద సాకె పోసి, చేతులు జోడించాడు. "పడవని అడక్కుండా ప్రాణం తీయకూడదు. చెవి ఆనించి వినాలి. చిట్‌చిట్‌మని పలికితే దానికి వెళ్ళడం ఇష్టం లేదని అర్థం. పలక పలికితే ఉలి పెట్టకూడదు. ఇది మా తాతల పద్ధతి," అన్నాడు అందరికీ వినబడేలా. తర్వాత తన చెవి రుద్దుకున్నాడు. "సుత్తి దెబ్బలకు నా చెవులు ఎప్పుడో పోయాయి. నువ్వు రా అమ్మాయ్. ఇందులో ఉన్నది నీ జుట్టేగా. నువ్వే విను."

శిగె మోకాళ్ళ మీద కూర్చుని పలకకు చెవి ఆనించింది. పలికిందని అబద్ధం చెప్తే? కుదరదు. ఆ పడవతో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆడితే సముద్రం దాని జమాఖర్చు అది చూసుకుంటుంది.

మొదట నీళ్ళ చప్పుడు వినబడింది. తర్వాత గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. అవతలి పక్క చతికిలబడి కుమకిచి, రోజూ సాయంత్రం తుడిచినట్టే, పడవని తుడుస్తున్నాడు. తుడుస్తూ లోగొంతుకతో మాట్లాడుతున్నాడు. గాలిలో వినబడని మాట దేవదారు పలకలోంచి స్పష్టంగా వచ్చి చెవిలో పడింది.

"ఏం చెయ్యనే... నేను నీళ్ళ మీదికి పోవడం శిగెకి ఇష్టం లేదు. నిన్ను పొయ్యిలో పెట్టమంది. అంతకంటే ఇది నయం కదా అనుకున్నాను. నీలో దాని జుట్టుందనే ధైర్యంతో ఇన్నాళ్ళూ వెళ్ళొచ్చాను. ఇక దేన్ని పట్టుకుని వెళ్ళనే..."

తొకుమత్సు ఉలి చేతులు మార్చుకుని, "పలికిందా అమ్మాయ్?" అని అడిగాడు.

"పలికింది!"

"ఏమని?" అన్నాడు కళ్ళజోడాయన.

"మొద్దులా పలికింది!" శిగె లేచి నిలబడింది. బస్సూ గిస్సూ అన్నీ మరిచిపోయి, పడవ చుట్టూ తిరిగి మొగుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఏమయ్యా! ఇవ్వడం ఇష్టం లేకపోతే ఎందుకు ఇస్తానన్నావు?"

కుమకిచి గుడ్డ వెనక్కి దాచుకున్నాడు. "నీకు ఇది ఇష్టం లేదని."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే! నలభై చలికాలాలు చెప్పావు!"

"చలికాలం నువ్వు గడ్డకట్టుకుపోయి ఇంటికొస్తే భయమేసి తిట్టాను! తిట్లు నిజమనుకుంటావా? నా జుట్టు దాంట్లో పెట్టుకుని, నన్ను అడక్కుండా ఊడబెరికిస్తావా?"

"అడుగుదామనే అనుకున్నాను. నువ్వేమో నవ్వుతూ చారు పోశావు. నవ్వుతున్న మనిషిని ఎలా అడగను?"

"పడవతో చెప్పుకున్న మాట నాతో చెప్పుకోలేవా?"

"పడవ ఎదురు చెప్పదు కదే!"

కెమెరాలన్నీ క్లిక్కుమన్నాయి. ఆ టోపీ ఆవిడ చప్పట్లు కొట్టబోయి ఆగింది. తొకుమత్సు ఒక్క మాట కూడా వినకపోయినా మొహాలు చూసి అంతా గ్రహించి, ఉలిని సంచిలో పెట్టేశాడు. కళ్ళజోడాయన లారీ వైపు చూసి, పడవ వైపు చూసి, మెల్లగా, "మా దగ్గర పెట్టినా ఇలా పలకదండీ. దీన్ని ఇక్కడే నీళ్ళ మీద చూడ్డానికి మేమే వస్తూ ఉంటాం, మీకు అభ్యంతరం లేకపోతే," అన్నాడు. కుమకిచి ఆయనకు నడుము వంచి దణ్ణం పెట్టాడు. లేచేటప్పటికి కళ్ళు తడిగా ఉన్నాయి. తుడుచుకున్నది పడవ గుడ్డతోనే కాబట్టి మొహమంతా నల్లగా అయింది.

శిగె జనం వైపు తిరిగింది. "తృప్తిగా ఉందా? మా గొడవ చూశారుగా? దీనికోసమేగా బస్సు వేసుకుని వచ్చారు!"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"గొడవేమిటి వదినా?" అన్నాడు మికామి.

"నువ్వేగా మైకులో అరిచావు! కుమకిచి గారి గొడవ చూడ్డానికి వస్తున్నారని!"

"పడవ అన్నాను తల్లీ! ప-డ-వ! గాలివాటుకు 'ప' కాస్తా ఎటో కొట్టుకుపోయినట్టుంది!"

ఒతొసె తన మెట్ల మీంచే పడీ పడీ నవ్వింది. "అందుకేనా వదినా, రంగెయ్యమంటే అలా చూశావు!" కుమకిచి మొదట నవ్వలేదు. నాలుగు రోజుల నవ్వులూ, చారూ ఎందుకొచ్చాయో లెక్క కుదిరాక అందరికంటే గట్టిగా నవ్వాడు. మికామి ఒక పీట ఎక్కి, గొడవకీ పడవకీ మధ్య జరిగిన పొరపాటును బస్సెడు మందికీ మొదటినుంచీ వివరించాడు. ఒతొసె దిగివచ్చి తొకుమత్సు చెవిలో అరిచి చెప్పింది. టోపీ ఆవిడ, "అయితే మీరు నాతో అన్న పుకారు..." అని మొదలుపెట్టి నవ్వాపుకోలేక పడవ అంచు పట్టుకుంది.

మైకు సంగతి తెలియనిది ఒక్క బస్సు డ్రైవరుకే. పాపం అతను సీట్లోనే నిద్రపోతున్నాడు. శిగె ఒక పొట్లం ఎండు చేపలు పట్టుకుని బస్సెక్కి, అతన్ని లేపి, ఆ కథంతా అతనికీ చెప్పింది.