హోం గేటు ముందు పట్టపుపాళెం

సుబ్బు ఎడంచేత్తో అన్నం తింటున్నాడు. చూడ్డానికొచ్చిన తల్లికి అదెట్లా మింగుడుపడుతుంది? వనజాక్షి వాడి కుడిచెయ్యి పట్టుకోగానే "అమ్మా!" అని అరిచాడు. మణికట్టు వాచి నల్లబడింది.

"బాత్రూంలో పడినాడులే" అన్నాడు జువెనైల్ హోం సూపరింటెండెంట్ సంజీవరావు, ఫోన్లోంచి తలెత్తకుండా. ఆ బాత్రూం మహా గడుసుది, లోపలున్న పిల్లలందర్నీ అదే కొడుతోంది! డాక్టరుకు చూపించమంటే, లాయర్ని తెస్తామంటే, "టైమైపోయింది, పో" అన్నాడు.

పదహారేళ్ళ సుబ్బు చేసిన నేరమల్లా, సముద్రంలోకి విషపు నీళ్ళు వదిలే రొయ్యల హేచరీ గొట్టం పగలగొట్టడం. నీళ్ళు వదిలినవాడు మాత్రం కార్లో తిరుగుతున్నాడు.

ఆ సాయంత్రం, చేపలు పట్టి బతికే వాళ్ళ ఊరు పట్టపుపాళెం అంతా కూడింది. ఊరి తీర్పులు చెప్పే పెద్దకాపు గంగులయ్య గొంతు సవరించుకున్నాడు. "హేచరీ నరేంద్రబాబు గారు కేసు ఎత్తేయిస్తానన్నారు. ఎవురూ కోర్టుకు పోబాకండి. దురాయి."

దురాయి అంటే ఊరి కట్టుబాటు. మీరినవాళ్ళతో ఊరు మాట్లాడదు, వాళ్ళ వల సముద్రంలో పడదు.

వనజాక్షి లేచింది. "ఎవురికోసం మామా ఈ దురాయి? నా బిడ్డ చెయ్యి విరగ్గొట్టినోళ్ళ కోసమా? లోపలేసినా వాడికి డాక్టరు హక్కుండాది, లాయరు హక్కుండాది. వాడు మనిషి కాదా?"

"ఆడోళ్ళు మాట్టాడే చోటు కాదు మే ఇది."

"మీరు తెచ్చిన చేప ఊరూరా తిప్పి అమ్మేదెవురు? ఇంక మేం గంప ముట్టం. ఇది మా దురాయి!"

"ముట్టం! ముట్టం!" ఆడవాళ్ళంతా లేచారు. చేప ఒడ్డునే కుళ్ళుతుందని మగవాళ్ళకు తెలుసు.

మర్నాడు ఒక్క బోటూ దిగలేదు. ఊరంతా ఆటోలెక్కి వచ్చి హోం గేటు ముందు బైఠాయించింది. గంగులయ్య కూడా వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు.

సంజీవరావు గేటు సందులోంచి వనజాక్షిని పిలిచాడు. "నీ కొడుకును ఇప్పుడే ఆస్పత్రికి పంపిస్తా. వీళ్ళను లేపుకొని పో."

వనజాక్షి సరేనందామనే అనుకుంది. పక్కనే, కోట అనే ఊరినుంచి వచ్చిన కూలిమనిషి కామాక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కొడుకూ లోపలే ఉన్నాడు.

"పిల్లోళ్ళందర్నీ డాక్టరు చూడాల" అంది వనజాక్షి. "అందర్నీ జడ్జి ముందర నిలబెట్టాల. మావాడొక్కడే అయితే మాకొద్దు."

బందోబస్తుకొచ్చిన ఎస్సై ఆమె రెక్క పట్టి వ్యాన్లోకి తోశాడు. నిన్న దురాయి వేసిన గంగులయ్య గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"నన్ను గూడా ఎక్కించుకో సారూ."

వెనకే కామాక్షమ్మ ఎక్కింది. ఆ వెనక ఇంకొందరు. వ్యాను చాల్లేదు. ఇంకో బండి పంపమని ఎస్సై ఫోన్లో గొంతు చించుకుంటున్నాడు. వ్యాను కదులుతుంటే వనజాక్షి కిటికీలోంచి అరిచింది:

"మేం ఏమైపోయినా సరే, గేటు వదలబాకండి!"

ఎవరూ వదల్లేదు.