మూత వేసిన చెయ్యి

మా బేకరీలో పిండి బల్ల దగ్గర నిలబడే హక్కు నాది. మా అత్తగారు బతికుండగా నా చేతివాటం చూసి, కన్నకూతుర్ని కాదని మరీ ఇచ్చిన చోటు అది. అలాంటి చోటు నుంచి నన్ను లేపేసింది ముంజేతి మీద లేచిన తామర మచ్చ, చొక్కా బొత్తామంత. నిజం చెప్పాలంటే లేపింది మచ్చ కాదు, దాన్ని చూసి బేకరీ దద్దరిల్లేలా కేక పెట్టిన నా ఆడపడుచు.

పనివాళ్ళు ఆమెను చాటుగా కందిరీగ అంటారు. ఆ పేరు నేను పెట్టలేదు గానీ, పెట్టినవాడి నోట్లో చక్కెర పొయ్యాలి.

"చర్మం మీద ఏదైనా ఉంటే పిండి ముట్టుకోకూడదు వదినా. ఈ నియమం పెట్టింది మా అమ్మే," అంది, ఏప్రాన్ నడుముకు బిగించి నా చోట్లో నిలబడుతూ. ఆ మాటలో వీసమెత్తు తప్పు లేదు. ఒళ్ళు మండింది అందుకే. మా ఆయన గుమ్మంలో నిలబడి, గోడమీద పిల్లిలా ఇద్దరికీ తల ఊపాడు.

చర్మం డాక్టరు చూసి ఆయింట్‌మెంట్ రాశారు. "శుభ్రంగా కడిగి, తడి బాగా ఆరాక పల్చగా రాయండమ్మా. మచ్చ మీదే కాదు, అంచు దాటి చుట్టూ కాస్త మేర కూడా. రాశాక చేతులు కడుక్కోండి. మీ తువ్వాలు మీకే ఉండాలి. దురద తగ్గిందని మధ్యలో మానెయ్యకూడదు. నేను మళ్ళీ చూసి సరేనన్నాకే పిండి పని," అన్నారు. అన్నిటికీ బుద్ధిగా తల ఊపి వచ్చాను. ఈస్ట్ కొనడానికి వెళ్తూ కందిరీగే ఆ చీటీ పట్టుకెళ్ళి మందు తెచ్చింది.

ఇక నా పని ముందు గదిలో కూర్చుని ఫోనులో ఆర్డర్లు తీసుకోవడం. లోపల ఆమె పిండి ముద్దను బల్లకేసి కొడుతుంటే, ఆ చప్పుడు నా చెంప మీదే పడుతున్నట్టుండేది. అంత గట్టిగా కొట్టక్కర్లేదు. నాకు వినబడాలనే కొట్టేది, నాకు తెలుసు.

మా పనిలో మూత వెయ్యనిదే ఏదీ కాదు. పిండి కలిపాక ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టి వెచ్చటి మూలన పెడతాం. లోపల జరగాల్సింది జరిగి అదే పొంగుతుంది. గాలికి వదిలేస్తే పైన చెక్క కడుతుంది. ఇన్నేళ్ళుగా అదే చేసిన దాన్ని, మందు రాసి ఊరికే వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు. చప్పున ఇంకాలి, చప్పున తగ్గాలి, చప్పున నా బల్ల దగ్గరికి పోవాలి. పిండికి చుట్టే ఆ పొరనే తెచ్చి చేతికి చుట్టాను. విప్పినప్పుడల్లా మళ్ళీ మందు దట్టంగా పట్టించి, మళ్ళీ చుట్టాను.

అదీ పొంగింది. బొత్తాం కాస్తా సాసరంత అయింది. చర్మం నానిపోయి తెల్లబడింది, అంచుల వెంట ఎర్రటి పొక్కులు. దురదకి పిచ్చెక్కిపోయింది. అలాంటప్పుడు మనిషికి బుద్ధి ఎటు పోతుంది? ఎటు పోవాలని ముందునుంచీ కాచుకుని ఉందో అటే పోతుంది. ట్యూబు పట్టుకుని తిన్నగా పిండి బల్ల దగ్గరికి పోయాను.

"ఏం తెచ్చిచ్చావే నాకు?"

"చీటీలో రాసిందే తెచ్చాను."

"నా చోటు లాక్కోడానికి నా చెయ్యి కుళ్ళబెడతావా?"

పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కందిరీగ మొహంలో నెత్తురుచుక్క లేదు. "పద, డాక్టరు దగ్గరే తేల్చుకుందాం. తప్పు నాదైతే ఈ బల్ల జన్మలో ముట్టను. నీదైతే బల్ల నాది. సరేనా?"

"సరే!" అన్నాను. నా నోటికి తాళం లేదు.

డాక్టరు ట్యూబు తిప్పి చూశారు. "మందు ఇదే. చెయ్యి ఎందుకింత నానింది?"

చెప్పాను. పొర చుట్టిన సంగతీ, మందు దట్టంగా పట్టించిన సంగతీ.

"చుట్టమని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు.

"తడి, వెచ్చదనం. ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి? డాక్టరు చెబితే తప్ప ఈ మందు మీద కట్టు కట్టకూడదు. ముదురుతున్నప్పుడైనా రావద్దూ? చేతులారా పెంచారమ్మా." ముందు పుండ్లు ఆరనిచ్చి, మందు ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో చెప్పి పంపారు.

పక్క కుర్చీలో కందిరీగ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోడానికి వీలుండేది. బయటికొచ్చాక, "మాట గుర్తుందిగా?" అంది. "గుర్తుంది," అన్నాను. క్షమించమని అడగాల్సిన చోటే అది. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా నోరు పెగల్లేదు.

ఆ తరవాత కడగడం, ఆరబెట్టడం, పల్చగా రాయడం, చేతులు కడుక్కోవడం. మచ్చ కంటికి కనబడకుండా పోయినా డాక్టరు చెప్పినన్నాళ్ళూ రాశాను. చివరికి ఆయన చేతిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఇక పిండి పని చేసుకోవచ్చన్నారు. ఏ పిండి, ఏ బల్ల? పందెంలో పోగొట్టుకున్నాను కదా. చెయ్యి బాగుపడింది, నేను మాత్రం ఫోను దగ్గరే.

ఒక ఉదయం ఉప్పు బస్తా కోసం లోపలికి వెళ్ళాను. ఓవెన్ వేడికి అందరూ బనీన్లలో ఉంటే, కందిరీగ మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుంది. పిసుకుతూ పిసుకుతూ ఆగి, ముంజెయ్యి బల్ల అంచుకేసి రుద్దుకుంది. ఆ రుద్దుకోవడం నాకు తెలియనిదా? వెళ్ళి చొక్కా చెయ్యి పైకి లాగాను. గుండ్రంగా, ఎర్రటి అంచుతో ఉంది.

"కడుక్కునే దగ్గర తువ్వాలు అందరిదీ ఒకటే కదా," అంది పళ్ళ సందునుంచి. "నువ్వూ దానికే తుడుచుకున్నావు. నీ పుణ్యమే. ఆ మిగిలిన ట్యూబు ఇటివ్వు. ఎవరికీ తెలీకుండా తగ్గించుకుంటాను."

"ఇవ్వను."

"పగా?"

"పగే. అయినా అది నాకు రాసిన మందు. నీదేమిటో డాక్టరు చూసి చెప్పాలి. ముందు పిండి మీంచి చెయ్యి తియ్యి."

"నన్ను లేపేసి నువ్వు నిలబడ్డానికేగా?"

"అవును."

అబద్ధమాడదామన్నా రాలేదు. మా ఆయన్ని కేకేసి, కలిపిన పిండంతా చెత్తలో పారెయ్యమన్నాను. కందిరీగ ఏప్రాన్ ముడి విప్పుకోబోయింది, బిగుసుకుపోయి ముడి రాలేదు. ఇన్నాళ్ళూ నన్ను కుట్టిన మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తగ్గాక నా చోటు నాకిస్తావా వదినా?"

ఆ మాట తనని అడగడానికి ఇన్నాళ్ళూ నాకు నోరు రాలేదు. తను అడిగేసింది. ఇవ్వనని చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"ఇస్తాను, నడు," అన్నాను పళ్ళు కొరుకుతూ.