ఒక పెనం, ఒక బొమ్మ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, గానుగలు ఇంకా మొదలుకాక ముందు, పైడితల్లి ఏటికొప్పాక నుంచి ఆరు లక్క బొమ్మలు గంపలో పెట్టుకుని చోడవరం వచ్చాడు. ఆరూ ఒకటే బొమ్మ. రాణి వేషంలో కామేశం.

కామేశం అనకాపల్లి మనిషి. పగలు బెల్లం కొట్టులో గుమాస్తా, నాటకంలో రాణి. ఆయన చీర కట్టి తెర ముందుకొస్తే, చూస్తున్న ఆడవాళ్లు తమ కుచ్చెళ్లు సర్దుకునేవారు. చోడవరంలో ఆయన పేరున ఒక అభిమాన సంఘం ఉండేది. ఇరవైమందికి పైనే సభ్యులు, అంతా చెరకు రైతులు. బంగార్రాజు పెద్ద, సత్యారావు కార్యదర్శి. మెడ లావెక్కింది, ఈ ఏటితో రాణి వేషం కట్టనని కామేశం చెప్పేశాడు. అందుకని సంఘం వాళ్లు బొమ్మలు చేయించారు. పైడితల్లి దగ్గర బాగా ఆరిన అంకుడు దుంగ ఒక్కటే ఉంది. దానికి ఆరే వచ్చాయి.

"ఇంకో నాలుగు సెయ్యి, పైడితల్లీ" అన్నాడు బంగార్రాజు.

"పచ్చి కర్ర పగులుతాది బాబూ. రాణీగారి మొకం మీద బీట పడితే మీరే నన్ను తిడతారు. ఇవే."

బొమ్మ వెల అందరికీ ఒకటే. ఎవరికివ్వాలన్నదే తేలాలి. సంఘమంతా గానుగ పాకలో కూర్చుంది.

సత్యారావుకి ఒక బొమ్మ కావాలి. పరదేశికి ఒక్కటీ రాకూడదు. ఈ రెండూ ఆయన మనసులో ఒకే ముడి. పరదేశి సంఘంలో తనకంటే ఎంతో వెనక చేరాడు. అయినా కామేశం బస్సు దిగుతూనే "పరదేశి ఏడీ?" అని అడిగేవాడు. ఒకసారి పరదేశి ఇంట్లో భోంచేశాడు కూడా. పరదేశి పెళ్లాం దేముడమ్మ చేసిన పనసపొట్టు కూర బాగుందని తర్వాత నలుగురిలో అన్నాడు. ఏటేటా పందిరి వేయించేదీ, బెంచీలు మోయించేదీ సత్యారావు. ఆయన్ని కామేశం "ఏమండీ" అనే పిలిచేవాడు. పేరు తెలియదు.

"ముందొచ్చినోడికి ముందిచ్చీండి" అన్నాడొక రైతు.

"బస్సాగే కాడ ఇల్లున్నోడివి, నువ్వలాగే అంటావు."

"పోనీ ఏలం పాడదాం."

"ఏలమైతే ఆరూ షావుకారింటికే. ఆల మనవలు సక్రాలు కట్టి ఈదిలో లాగుతారు."

అందరూ నవ్వారు. "ఎక్కువ నాటకాలు సూసినోళ్లకిద్దారి" అన్నారింకెవరో.

"నిద్రోయినవి లెక్కలోంచి తీసెయ్యాలేటి?"

మళ్లీ నవ్వులు. అప్పుడు మూల నుంచి ఎవరో నెమ్మదిగా అన్నారు. "కామేశం గారినే అడిగితే పోలా? ఆయన పేరు సెప్పినోళ్లకి."

సత్యారావు దిగ్గున లేచాడు. అడిగితే ఆయన నోట ముందు ఏ పేరు వస్తుందో సత్యారావుకి తెలుసు.

"ఒద్దొద్దు. గానుగ పద్ధతి ఎడదాం" అన్నాడు.

గానుగ పద్ధతి అంటే అక్కడ ఎవరూ కాదనలేరు. చెరకు ఎవరు ముందు ఆడించుకోవాలో ఆ ఊరు ఎప్పుడూ అలాగే తేల్చుకుంటుంది. చెరకు ఆకు ఈనెలు పొట్టివీ పొడుగువీ తుంచి, గుప్పిట్లో పట్టి, పెనానికి ఒకటి చొప్పున తీయమంటారు. బెల్లం వండే పెనంలో ఎంతమంది రైతులు కలిసినా సరే, పెనం ఒకటైతే వంతు ఒకటే.

"పెనానికో ఈనె. పొడుగువి ఆరు. పొడుగొస్తే బొమ్మ" అన్నాడు సత్యారావు.

ఆయన పెనం ఆయనదే. పరదేశీ, వాడి బావ పెదబాబూ ఒకే పెనంలో వండుకుంటారు. ఇద్దరూ సంఘంలో ఉన్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఈనె. పొడుగొచ్చినా పెదబాబే పెద్దవాడు, బొమ్మ అతనికే పోతుంది.

పెదబాబుకి అర్థమైంది. "ఇది మా ఇద్దరి మీదా ఎట్టిన రూలు" అన్నాడు.

"పోన్లే బావా" అన్నాడు పరదేశి. "గానుగ కాడ ఒప్పుకున్నదే కదా. ఇక్కడ కాదంటామేటి?"

బంగార్రాజు గుప్పిట పట్టాడు. సత్యారావుకి పొడుగు ఈనె వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, మిగతావాళ్లు తీస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. పెదబాబు చెయ్యి పెట్టాడు. అతనిదీ పొడుగే.

"కొట్టేవు బావా!" అని పరదేశి అతని వీపు మీద చరిచాడు.

ఆ నవ్వు సత్యారావుకి నచ్చలేదు. ఓడినవాడు అలా నవ్వకూడదు. అయినా బొమ్మ వెళ్లింది పెదబాబు ఇంటికి కదా అని సర్దుకున్నాడు.

తన బొమ్మని ఇంటికి తెచ్చి గోడ గూట్లో పెట్టాడు. వారం తిరక్కుండా పెళ్లాం నరసమ్మ నీళ్ల బిందె దించుతూ అంది. "పరదేశి ఇంట్లోనూ బొమ్ముందంట."

"పెదబాబుది కదే అది."

"పెనం బొమ్మంట. వండిన బెల్లం పంచుకున్నట్టే. అమాస నుంచి పున్నం దాకా ఈలింట్లో, పున్నం నుంచి అమాస దాకా ఆలింట్లో. దేముడమ్మ బొట్టు కూడా ఎట్టిందంట. ఈదిలో ఆడోలంతా ఎల్లి సూసొస్తన్నారు."

సత్యారావు కండువా వేసుకుని బంగార్రాజు ఇంటికి నడిచాడు. "ఒకడికి ఒచ్చిన బొమ్మని ఇద్దరెలాగ ఉంచుకుంటారు?" అన్నాడు.

బంగార్రాజు చుట్ట నోట్లోంచి తీసి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "పద్ధతి సెప్పింది నువ్వే కదరా. వంతు ఒకటైతే బెల్లం ఒక్కడే తింటాడేటి?"

ఆ రోజు నుంచి సత్యారావుకి ఇంట్లో బొమ్మ చిన్నదైపోయినట్టుంది. దీన్ని చూసేది తనూ నరసమ్మా. ఆ బొమ్మకి రెండిళ్ల జనం, పై నుంచి వీధి. పొలం వెళ్లడానికి దగ్గర దారి వేరే ఉన్నా, పరదేశి గుమ్మం ముందు నుంచే వెళ్లేవాడు. లోపలికి చూసీ చూడనట్టు చూసేవాడు.

ఒకరోజు పొద్దున పరదేశే వచ్చాడు.

"ఒరే సత్యారావూ, నీ బొమ్మ ఓపాలి సూపించరా. మాదానికీ దీనికీ పోలికెట్టి సూడాల."

నరసమ్మ పీట వేసింది. పరదేశి కూర్చోలేదు. గూటి ముందు నిలబడి, ముట్టుకోకుండా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదీ అంతే" అన్నాడు. "సెయ్యి తప్పు."

"ఏ సెయ్యి?"

"రాజు అబద్ధమాడేడని తెలిసినప్పుడు రాణి సెయ్యెత్తుతాది సూడు. కామేశం గారు ఎత్తేది ఎడం సెయ్యి. పైడితల్లి కుడి సెయ్యెత్తించేసేడు. ఆయనది ఎడం సేతివాటం రా. మా ఇంట్లో మజ్జిగ గలాసు కూడా దాంతోనే అందుకున్నాడు."

"కుడి సెయ్యే" అన్నాడు సత్యారావు.

"కాదురా."

"నేను కార్యదర్శిని."

"కార్యదర్శికి కళ్లుండవేటి?"

నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరదేశి నవ్వుతూనే వెళ్లిపోయాడు.

సత్యారావు అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఆ ఘట్టం గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. తెర కనబడింది. పెట్రోమాక్సు లైటు కనబడింది. తర్వాత ముందు చాప మీద నోరు తెరుచుకుని కూర్చున్న పరదేశి కనబడ్డాడు. కామేశం చూపు వాడి మీద పడుతోందా లేదా అని తను చూస్తున్నాడు. పరదేశి చేరక ముందు ఏడాది గుర్తు చేసుకున్నాడు. అప్పుడు బెంచీలు. టిక్కెట్టు లేకుండా దూరినవాళ్లతో తగువు. రాణి చెయ్యి ఎక్కడా కనబడలేదు.

కామేశం ఆఖరి నాటకం వడ్డాదిలో, సంత రోజు. అది తనకి పందిరి పనీ బెంచీల పనీ లేని నాటకం. సత్యారావు నరసమ్మని తీసుకుని వెలుగుండగానే వెళ్లాడు. తెర కట్టిన స్తంభాల ముందు, అందరికంటే ముందర చాప పట్టాడు. పరదేశీ దేముడమ్మా వెనక ఎక్కడో కూర్చున్నారు. ఎక్కడో చూడకూడదని ముందే అనుకున్నాడు. చూడలేదు. కామేశం వచ్చాడు. మెడ నిజంగానే లావెక్కింది. గొంతు మాత్రం అలాగే ఉంది.

రాజు అబద్ధమాడాడు. రాణి రెండడుగులు ముందుకేసింది. సత్యారావు రెప్ప వేయలేదు.

వెనక నుంచి, "అదిగో" అని పరదేశి గొంతు, పెళ్లాంతో, మెల్లిగా.

సత్యారావు తల దానంతటదే వెనక్కి తిరిగింది. పరదేశి తనవైపు చూడటం లేదు. వాడి మొహం మీద లైటు పడుతోంది. కళ్లనిండా నీళ్లు. అక్కడ తనొకడున్నాడన్న ధ్యాసే వాడికి లేదు.

ముందుకు తిరిగేసరికి రాణి రెండు చేతులతో పమిట కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

నాటకమయ్యాక బళ్ల దగ్గర పరదేశి ఎదురొచ్చాడు. ఎగతాళి కూడా లేదు వాడి మాటలో. "సూసేవేట్రా?"

"సూసేను."

"ఏ సెయ్యి?"

సత్యారావు బండి పట్టె పట్టుకున్నాడు. "నువ్వు సెప్పిందే" అన్నాడు.

పరదేశి తల ఊపి వెళ్లాడు. బండి కదిలాక నరసమ్మ అడిగింది. "అయితే ఎడం సెయ్యేనా?"

"ఎడం సెయ్యే" అన్నాడు సత్యారావు, చూసినవాడిలా.